తోసే బరువుకు తూకం లేదు

(విజయవాడలో ఆసుపత్రి సహాయక సిబ్బంది శిక్షణ రోజున ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్న అన్నయ్యలు కొంచెం ముందుకు రండి. నా గొంతు పెద్దదే కానీ ఈ మైకు మీద నాకు నమ్మకం లేదు. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్లు కొందరున్నారని తెలుసు. కునుకు పడితే పడనివ్వండి, నేనేమీ అనుకోను. కానీ ఆ తలుపు పక్కన నిలబెట్టిన లినెన్ బండిని, అదే దుప్పట్ల బండిని మాత్రం ఎవరూ తోసుకుపోవద్దు. దానితో నాకు పనుంది.

నేను పద్దెనిమిదేళ్లుగా నడుములు, మెడలు, భుజాలు చూస్తున్నాను. నొప్పితో వచ్చిన మనిషిని మేం మొదట అడిగే ప్రశ్న, "బరువులేమైనా ఎత్తారా?" అని. అలాగే ఒకసారి ఒక ఆయమ్మ వచ్చింది. నేను అప్పట్లో పనిచేసిన ఆసుపత్రిలోనే ఉద్యోగం. యాభైకి దగ్గర పడ్డ మనిషి. కుడి చెయ్యి పైకి లేవడం లేదు, నాలుగు నెలలుగా జడ కూతురే వేస్తోందట. బరువులెత్తావా అని అడిగాను. "ఎత్తడాలేం లేవమ్మా, ఊరికే బండి తోయడమే" అంది. నేనూ సరేనని కాగితం మీద "బరువులు ఎత్తే పని లేదు" అని రాసి, నాలుగు వ్యాయామాలు చెప్పి పంపేశాను.

వారం తర్వాత మూడో అంతస్తులో లిఫ్టు కోసం నిలబడి ఉంటే ఆ ఆయమ్మే ఎదురుగా వస్తోంది. ముందు విడిచిన దుప్పట్ల బండి, ఆమె తల కంటే ఎత్తుగా మూటలు. ఆ బండి ఊరికే కుడి గోడ వైపు పోతోంది. ఆమె కుడి చేత్తో గట్టిగా నెట్టి దాన్ని దారిలో పెడుతుంది. రెండడుగులు వేసేసరికి మళ్లీ గోడ వైపు. మళ్లీ కుడి చెయ్యి. కారిడార్ ఆ చివర నుంచి ఈ చివర దాకా అదే తంతు. నేను వెళ్లి ఒక పది గజాలు తోశాను. నా భుజం నాకు తెలిసొచ్చింది. ఆమె రోజుకి అలాంటివి ఎన్ని తిప్పుతుందో అడిగితే లెక్కపెట్టుకోలేదంది. "ఊరికే" అన్నది ఆ పనినే. నేను నమ్మి రాసుకున్నది ఆ మాటనే. ఆ కాగితం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అయితే ఇందులో ఆమె తప్పేం లేదు. తోయడాన్ని పని కింద లెక్కేసే అలవాటు మనకు లేదు. బియ్యం బస్తా మీద ఎన్ని కిలోలో అచ్చేసి ఉంటుంది. దాన్ని ఎత్తిన మనిషి "యాభై కిలోలు ఎత్తాను" అని చెప్పుకుంటాడు, విన్నవాళ్లు అయ్యో అంటారు. మరి స్ట్రెచర్ తోసిన మనిషి ఏమని చెప్పుకోవాలి? తోయడానికి ఎంత బలం పట్టిందో ఏ స్ట్రెచర్ మీదా రాసి ఉండదు.

పెద్ద పెద్ద చట్టాల్లోనూ ఇదే వరస. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో మనుషులు మోసే బరువుల మీద ఒక ఒడంబడిక చేసింది, దాని నంబరు 127. దాంతోపాటు వచ్చిన సిఫారసులో మగవాడికి 55 కిలోలు మించకూడదన్నారు. మంచిదే. కానీ ఆ ఒడంబడికలో మోత అంటే ఏమిటో చెప్పేచోట, బరువు మొత్తం ఒక్క మనిషి ఒంటి మీద పడితేనే మోత అని ఉంది. చక్రాల మీద పెట్టి తోస్తే ఆ లెక్కలోకి రాదు. 2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం, 1948, కొంత నయం. అందులో సెక్షన్ 34 చూడండి, దెబ్బ తగిలేంత బరువును ఎత్తించకూడదు, మోయించకూడదు, కదిలించకూడదు అని ఉండేది. "కదిలించడం" అన్న మాట అందులో పడింది. కాకపోతే మనం ఉన్నది ఫ్యాక్టరీలో కాదు, ఆసుపత్రిలో.

తోయడానికి కూడా తూకం వేయొచ్చు. ఇదిగో, ఇది చూడండి. గ్యాస్ సిలిండర్ ఇంటికి తెచ్చే అబ్బాయి దగ్గర ఉంటుందే, కొక్కెం కాటా, అదే ఇది. మా వీధి అబ్బాయిని బతిమాలి తెచ్చాను. దీన్ని బండి హ్యాండిల్‌కి తగిలించి, నేలకు సమంగా, మెల్లగా లాగితే బండి కదలడానికి ఎన్ని కిలోల బలం కావాలో అదే చూపిస్తుంది. లాగినా తోసినా బండికి కావలసిన బలం ఒకటే కాబట్టి కొలతకు ఇది చాలు. అన్నయ్యా, మీరు ఒకసారి రండి. కొక్కెం అక్కడ తగిలించండి. కుదుపు లేకుండా లాగండి. కదిలింది. ఎంతుంది? పదిహేడు. సరే. ఆపకుండా అలాగే లాగుతూ నడవండి. ఇప్పుడెంత? తొమ్మిది.

చూశారు కదా. కదిలించడానికి పదిహేడు, నడిపించడానికి తొమ్మిది. నిలబడి ఉన్న బండిని కదిలించే ఆ మొదటి క్షణమే ఖరీదైనది. అందుకే నేను భోజనాల బండి గురించి ఎక్కువ బెంగపడతాను. దాని బరువు లినెన్ బండి కంటే తక్కువే ఉండొచ్చు. కానీ ముప్ఫై మంచాల వార్డులో అది ముప్ఫై సార్లు ఆగి ముప్ఫై సార్లు బయల్దేరుతుంది. ఆపడం కూడా పనే. కదిలే బండిని ఆపాలంటే దాన్ని మన ఒంటితోనే పట్టుకోవాలి.

ఇప్పుడు ఈ పదిహేడు ఎక్కువా తక్కువా? బ్రిటన్‌లో పని భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఒక మోటు లెక్క ఇచ్చింది. మగవాళ్లకు బండి కదిలించడానికి, ఆపడానికి 20 కిలోలు, నడిపించడానికి 10 కిలోలు. ఆడవాళ్లకు 15, 7. ఇవి దాటితే ప్రమాదమని కాదు, దాటితే ఆగి ఆ పనిని సరిగ్గా పరిశీలించమని. అది కూడా హ్యాండిల్ నడుముకీ భుజానికీ మధ్య ఎత్తులో ఉండి, 20 మీటర్లకోసారి ఆగగలిగితేనే. మన కారిడార్లు ఎంత పొడుగో మీకు నేను చెప్పాలా. అంటే ఈ బండి మా అన్నయ్యకు ఫరవాలేదు, ఆయమ్మకు ఎక్కువ. మరి లినెన్ బండి తోసేది ఎవరు? (సభలో "ఆయమ్మలే" అన్న గొంతులు)

ఇంకో పద్ధతి కూడా ఉంది. అమెరికాలో లిబర్టీ మ్యూచువల్ అనే బీమా కంపెనీ పరిశోధనశాలలో స్నూక్, సిరియెల్లో అనే ఇద్దరు ఏళ్ల తరబడి ఒక ప్రయోగం చేశారు. మనిషిని ట్రెడ్‌మిల్ మీద నిలబెడతారు. ముందు కదలని కమ్మీ. దాన్ని తోస్తూ కాళ్లతో ట్రెడ్‌మిల్‌ను తిప్పాలి. ఎంత బిగువు ఉండాలో ఆ మనిషే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఎనిమిది గంటల పని అనుకుని, ఆయాసం రాకుండా, అలసిపోకుండా ఎంత తోయగలవో నువ్వే పెట్టుకో అన్నారు. 1991లో అచ్చైన వాళ్ల పట్టికలు ఇప్పటికీ వాడుతున్నారు. రెండు మీటర్ల దూరం మొదలు 61 మీటర్ల దాకా, నిమిషానికెన్నిసార్లు, హ్యాండిల్ ఎంత ఎత్తు, అన్నీ వేరువేరుగా ఉంటాయి. దూరం పెరిగేకొద్దీ అంకెలు తగ్గుతాయి. నాకు అందులో నచ్చింది అంకెలు కాదు. ఎంత బలమైతే సరిపోతుందో పనిచేసే మనిషినే అడిగారు, అది నచ్చింది.

సరే, బండి దగ్గరకే వద్దాం. మంచి చక్రాలు, నున్నటి సమమైన నేల ఉంటే, బండిని నడిపించడానికి దాని మొత్తం బరువులో కనీసం నూటికి రెండు వంతుల బలం కావాలి. అంటే 400 కిలోలకు 8 కిలోలు. ఈ బండి సరుకుతో కలిపి 200 కిలోలుంటుంది. నాలుగు కిలోలతో నడవాలి. మరి తొమ్మిది ఎందుకు పట్టింది? మిగతా అయిదు ఎవరు తింటున్నారు?

చెప్తాను. ఇదిగో ఈ ప్లాస్టిక్ కవరు అలా వెనక్కి పంపండి. మూత తీయొద్దు, వాసన బాగుండదు. నిన్న ఇదే బండి చక్రం ఒకటి విప్పించాను. ఇరుసు చుట్టూ చుట్టుకుని ఉన్నది ఇదంతా. గాజుగుడ్డ పోగులు, తల వెంట్రుకలు, దూది, పైజమా నాడా ముక్క ఒకటి, ఆ తెల్లటిది ప్లాస్టర్ టేపు. గ్రీజులో తడిసి గట్టిపడి తాడులా పేనుకుపోయింది. మెయింటెనెన్స్ అబ్బాయి బ్లేడుతో కోసి, శ్రావణంతో లాగితే గానీ రాలేదు. చక్రం తిరుగుతున్నట్టే కనిపిస్తుంది, నిజానికి ఈడ్చుకుపోతుంటుంది. చక్రాన్ని నేల మీద పెట్టి చూస్తే ఒక పక్క చదునుగా అరిగి ఉంటుంది, అదే గుర్తు. ఒక్క చక్రాన్నే శుభ్రం చేయించాను, మిగతా మూడు మీరు చూస్తారని అలాగే ఉంచాను. ఆ ఆయమ్మ బండి గోడ వైపు పోవడానికి కారణం కూడా కుడి ముందు చక్రంలో చుట్టుకున్న ఇలాంటి ముద్దే. బండిని ఆ మూల వెనక్కి పట్టి ఉంచుతుంటే, ఆమె కుడి భుజం దాన్ని ముందుకు నెడుతూ వచ్చింది.

ఇంకొకటి. బండిని గోడ పక్కన అడ్డంగా నిలబెడతాం. తిరుగుడు చక్రాలు, అంటే ఏ వైపుకైనా మళ్లేవి, అటూ ఇటూ వంకరగా ఆగి ఉంటాయి. తర్వాత వచ్చినవాళ్లు నేరుగా తోస్తే ముందు ఆ చక్రాలు తిరగాలి, ఆపైన బండి కదలాలి. అన్నయ్యా, ఇప్పుడు చక్రాలన్నీ మీరు పోయే వైపుకి తిప్పి, మళ్లీ కాటా లాగండి. పన్నెండా? చూడండి, ఇందాక పదిహేడు. అయిదు కిలోలు కాలితో తట్టితే తగ్గాయి. ఇది మాత్రం ఈరోజు నుంచే చెయ్యగలిగిన పని, ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఇప్పుడు గడపల సంగతి. ఎక్స్‌రే గది ముందు టైల్సు కలిసేచోట ఒక సెంటీమీటరు ఎత్తు తేడా ఉందనుకోండి. కంటికి ఆనదు. స్ట్రెచర్, రోగి కలిపి 160 కిలోలు అనుకుందాం. ముందు రెండు చక్రాల మీద 80. చక్రం నాలుగు అంగుళాలదైతే, నిలబడ్డచోటి నుంచి దాన్ని ఆ సెంటీమీటరు ఎక్కించడానికి సుమారు 60 కిలోల బలం కావాలి. అదే ఎనిమిది అంగుళాల చక్రమైతే 40కి కాస్త తక్కువ. పదో తరగతి లెక్కే ఇది, కావాలంటే కాగితం మీద వేసి చూపిస్తాను. అరవై కిలోలు ఎవరు తోస్తారు? ఎవరూ తోయరు. అందుకే మీరంతా ఏం చేస్తారు? నాలుగడుగులు వెనక్కి లాగి, ఊపు తెచ్చి, ఢామ్మని ఎక్కిస్తారు. తుంటి విరిగి వచ్చిన ముసలాయన స్ట్రెచర్ మీద ఉంటే ఆ చప్పుడుకి ముందు ఆయన అరుపు వినబడుతుంది. చుట్టాలు మిమ్మల్ని తిడతారు. తిట్లు మీకు, తప్పు టైల్సు వేసినవాడిది, నాలుగంగుళాల చక్రం కొన్నవాడిది.

కొన్నవాడు అన్నాను కాబట్టి చెప్పేస్తాను, స్టోర్స్ నుంచి కూడా ఇద్దరు వచ్చారు, కోపం తెచ్చుకోకండి. నేను కొన్ని టెండరు కాగితాలు చూశాను. పైపు ఎంత మందం, స్టీలు ఏ రకం, రంగు ఎలా వెయ్యాలి, సెలైన్ కడ్డీ ఎన్ని అడుగులు, అన్నీ రాసి ఉంటాయి. చక్రాల దగ్గరకొచ్చేసరికి "నాలుగు చక్రాలు" అని ఒక్క ముక్క. ఎంత వ్యాసం, బేరింగు ఉందా, బ్రేకు ఎన్నింటికి, దారపు పోగులు లోపలికి పోకుండా మూత ఉందా, ఇవేవీ ఉండవు. నలుగురిలో తక్కువ ధర చెప్పినవాడు తగ్గించేది సరిగ్గా అక్కడే. చక్రం మెత్తగా ఉంటే చప్పుడు తక్కువ, గట్టిగా ఉంటే నున్నటి నేల మీద తేలిగ్గా పోతుంది. ఏది కావాలో ఆ బండి తిరిగే దారిని బట్టి ఉంటుంది. దారి చూడకుండా చక్రం కొనకూడదు.

ర్యాంపు. పన్నెండు అడుగుల పొడవుకి ఒక అడుగు ఎత్తు, అది మంచి ర్యాంపు కిందే లెక్క. ఆ 160 కిలోల స్ట్రెచర్‌ని దాని మీద ఎక్కించాలంటే వాలు ఒక్కదానికే 13 కిలోలకు పైగా, చక్రాలకు ఇంకో మూడు. అన్నీ బాగుంటే పదహారు, అది కూడా ఆ మొదటి క్షణానికి కాదు, పై దాకా ప్రతి అడుక్కీ. ఇందాకటి లెక్కలో మగవాళ్లకు నడిపించడానికి 10, ఆడవాళ్లకు 7. అందుకే ర్యాంపు మీద ఒక్కరే వద్దు. సాయానికి ఎవరూ లేరంటే రోగి తాలూకు వాళ్లని అడగండి, మొహమాటపడొద్దు. దిగేటప్పుడు అదే 13 కిలోలు మిమ్మల్ని ముందుకు తోస్తాయి. వీల్‌చైర్ అయితే వాలు ఎక్కువున్నచోట వెనక్కి తిప్పి, మీరు కింది వైపు ఉండి, వెనక్కి నడుస్తూ దించాలి. ముందుకు తిప్పి దించితే కూర్చున్నవాళ్లు జారి పడే ప్రమాదం ఉంది.

కాళ్ల సంగతి మరిచిపోయాను. ఎంత బలమున్న మనిషైనా నేల ఆపినంతే తోయగలడు. ఆరిన గచ్చు మీద మంచి రబ్బరు అడుగున్న చెప్పుతో మన బరువులో సగం దాకా బలం పెట్టొచ్చు. తడి గచ్చు మీద, అరిగిపోయిన హవాయి చెప్పుతో ఐదో వంతు కూడా దక్కకపోవచ్చు. 55 కిలోల మనిషికి ఐదో వంతంటే 11 కిలోలు. ర్యాంపు మీద కావలసినది పదహారు. ఇక జారేది బండి కాదు, మనమే. మరి తడిగుడ్డ పెట్టేది ఎప్పుడు? పొద్దున ఏడింటికి. థియేటర్‌కి స్ట్రెచర్లు బయల్దేరేది? అదే ఏడింటికి. ఈ రెండు టైములు వేరు చెయ్యమని నేను మూడు మీటింగుల్లో అడిగాను. నాలుగోది ఇది.

ఇక ఎలా తోయాలి అన్నది. పోస్టర్ల మీద బొమ్మలుంటాయి, మీరు చూసే ఉంటారు, వాటి మీద నాకు పెద్ద గౌరవం లేదు. చక్రం పట్టేసిన బండిని సరైన భంగిమలో తోసినా భుజం పోతుంది. అయినా రెండు ముక్కలు. చేతులు మోచేతుల ఎత్తుకు దగ్గరగా ఉండాలి. హ్యాండిల్ మరీ కిందుంటే నడుం వంగుతుంది, మరీ పైనుంటే బలమంతా భుజాల మీదే పడుతుంది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి, ఒంటి బరువుని బండి మీదికి వాల్చి మెల్లగా మొదలుపెట్టాలి. కుదుపు వద్దు.

ఏమైనా అడగాలంటే అడగండి. ఆ, చెప్పమ్మా.

(ప్రశ్న: తోయడం మంచిదా, లాగడం మంచిదా మేడమ్? మేం లినెన్ బండి ఎప్పుడూ లాక్కునే పోతాం.)

వీలైతే తోయండి. లాగేటప్పుడు మనం ముందుకు నడుస్తూ ఒక చెయ్యి వెనక్కి పెట్టి లాగుతాం, ఒళ్లు మెలి పడుతుంది, భుజం వెనక్కి విరిచినట్టు ఉంటుంది. పైగా బండి మడమల మీదికి వస్తుంది. నీ మడమ చూపించు, చూద్దాం. ఉందా మచ్చ? ఉంటుంది. కానీ నువ్వెందుకు లాగుతున్నావో నాకు తెలుసు. మూటలు తల కంటే ఎత్తు పేరుస్తారు, వెనక నుంచి తోస్తే ఎదురుగా ఏముందో కనపడదు. ఎవరినైనా గుద్దుతానేమోనని భయం. అవునా? అందుకని నిన్ను తోయమని చెప్పే ముందు మూటలు నీ కళ్ల కిందికి దించాలి. రెండు ట్రిప్పులవుతాయి. ఆ రెండో ట్రిప్పుకి టైము ఇవ్వాల్సింది మీ సూపర్‌వైజరు గారు. ఇక్కడే ఉన్నారు, విన్నారు. (నవ్వులు)

(ప్రశ్న: స్ట్రెచర్‌ని లిఫ్టులోకి ఎక్కించేటప్పుడు చక్రం ఆ సందులో పడిపోతుంది మేడమ్. ముందు నుంచి లాగాలా, వెనక నుంచి నెట్టాలా?)

మంచి ప్రశ్న. అక్కడ ఇద్దరూ కావాలి. ఒకరు లోపల నుంచి లాగాలి, ఒకరు బయట నుంచి నెట్టాలి. ముఖ్యంగా ఏటవాలుగా పోనివ్వొద్దు. ఏటవాలుగా పోతే తిరుగుడు చక్రం సందు వైపు తిరిగి అందులో కూర్చుంటుంది. రెండు ముందు చక్రాలు ఒకేసారి దాటేలా నేరుగా పెట్టాలి. చాలా స్ట్రెచర్లకి కాలి దగ్గర ఒక పెడల్ ఉంటుంది, బ్రేకుది కాకుండా, ఒక చక్రాన్ని తిరగకుండా నేరుగా బిగించేది. కొన్నింటికి మధ్యలో ఐదో చక్రం దిగుతుంది. అది ఎందుకుందో ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. నలుగురు. స్ట్రెచర్ కొన్న రోజు చూపించాల్సింది, ఎవరూ చూపించలేదు.

మాటల్లో ఎందుకు, లిఫ్టు దగ్గరకే పోదాం పదండి. ఖాళీ స్ట్రెచర్ ఒకటి తెప్పించాను, పడుకోవడానికి స్టోర్స్ వాళ్లలో ఒకరు రండి. కాటా ఎవరి చేతిలో ఉంది? జాగ్రత్తగా పట్టుకోండి, సాయంత్రంలోగా గ్యాస్ అబ్బాయికి తిరిగి ఇచ్చేయాలి.